స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీలో ఉద్యోగం అంటే ఆయా పనేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరంలో ఉంది. అమెరికాలో స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీలో ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు)గా ఏడాదిలో పంపిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. చుట్టాలేమో అది వృద్ధాశ్రమమని, ఆయా పనని అంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: ఆయా పని కాదండీ. ఆ మాట అమ్మాయి చెవిన పడనివ్వకండి.

తుంటి ఎముకకు ఆపరేషన్ అయిన పెద్దాయనను అక్కడి ఆసుపత్రి కొద్ది రోజులకే పంపించేస్తుంది. అప్పటికి ఇంట్లో ఉండగలిగే స్థితి రాదు. అలాంటివాళ్లు కోలుకోవడానికి చేరేది ఈ స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీలోనే. కనీసం 3 రోజులు ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్‌గా ఉండి వస్తే, మెడికేర్ అనే అక్కడి ప్రభుత్వ బీమా మొదటి 20 రోజుల ఖర్చు పూర్తిగా, ఆ తర్వాత 100వ రోజు దాకా కొంత భరిస్తుంది. ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయేవాళ్లూ ఉంటారు.

స్నానం చేయించడం, పక్క మార్చడం ఎక్కువగా సీఎన్‌ఏలు (నర్సింగ్ సహాయకులు) చూసుకుంటారు. మాత్రలు చాలాచోట్ల ఎల్‌పీఎన్‌లు (ఆర్‌ఎన్ కంటే కింది స్థాయి నర్సులు) ఇస్తారు. రోగి పరిస్థితిని అంచనా వేయడం, ఐవీ (నరంలోకి ఎక్కించే) మందులు, మానని పుండ్లు, కింది సిబ్బందిని నడిపించడం ఆర్‌ఎన్ బాధ్యత. డాక్టర్ మొదటి 90 రోజుల్లో 30 రోజులకోసారి, తర్వాత 60 రోజులకోసారి వచ్చి చూస్తే నిబంధన ప్రకారం సరిపోతుంది. సాయంత్రం దాకా బాగా మాట్లాడిన ఒక పెద్దావిడ రాత్రి రెండింటికి మనుషుల్ని గుర్తుపట్టడం లేదనుకోండి. షుగర్ పడిపోయిందా, మూత్రంలో ఇన్ఫెక్షనా, పక్షవాతమా? డాక్టర్‌కు ఫోన్ చేసి ఏం చెప్పాలి, అంబులెన్స్ పిలవాలా? ఆ క్షణంలో తేల్చుకోవాల్సింది నర్సే. ఆ షిఫ్టులో భవనం మొత్తానికి ఆర్‌ఎన్ ఆమె ఒక్కతే కావచ్చు. అందుకే వార్డు అనుభవం లేకుండా ఏ అమ్మాయినీ అక్కడికి వెళ్లమని నేను చెప్పను. ముందు కనీసం రెండేళ్లు ఐసీయూలోనో, మెడికల్ వార్డులోనో చేయనివ్వండి.

నాకు అసలు టెన్షన్ ఆ 'ఏడాది' మాటతోనే. అమెరికాలో నర్సు లైసెన్సుకు రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్ష హైదరాబాద్‌లోనే రాయొచ్చు, కష్టపడి చదివితే పాసవుతుంది. కానీ నర్సులు సాధారణంగా వెళ్లేది ఉద్యోగం ఆధారంగా ఇచ్చే ఈబీ-3 గ్రీన్‌కార్డు (శాశ్వత నివాస అనుమతి) మీద. భారతదేశంలో పుట్టినవారికి ఆ క్యూ పదేళ్లు దాటింది. మామూలు ఆర్‌ఎన్ ఉద్యోగానికి హెచ్1బీ (తాత్కాలిక ఉద్యోగ వీసా) దొరకడం చాలా అరుదు. అంత నిరీక్షణ వద్దనుకుంటే జర్మనీ ఆలోచించండి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పించి పంపుతోంది.

డబ్బు కట్టకండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకండి. మధ్యలో ఉద్యోగం మానేస్తే ఎంత కట్టాలో ఒప్పందంలో చదవండి. ఏ వీసా మీద పంపుతారో, ఏడాదిలో అది ఎలా వస్తుందో కాగితం మీద రాసిమ్మని రేపే అడగండి.