బ్రిడ్జి ఎక్కడుందో చూసుకో

విజయనగరం

చిట్టీ,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడు. "బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ బుద్ధిగా ఉందనుకుంటే, గిటార్ మీద జాజ్ నేర్చుకుని జనవరిలో వైజాగ్‌లో ఎవరితోనో కలిసి వాయిస్తుందట. నువ్వైనా చెప్పన్నయ్యా" అన్నాడు. చెబుతాలే అన్నాను. ఏం చెబుతానో మాత్రం వాడికి చెప్పలేదు. ఫోన్ పెట్టాక "మన చిట్టి జాజ్ వాయిస్తుందట" అని మీ పెద్దమ్మతో మూడుసార్లు అన్నానట. ఆవిడ లెక్కపెట్టింది. తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు.

అన్నిటికంటే ముందు, నీ యాంప్లిఫయర్‌కి మూడు పిన్నుల ప్లగ్గేనా? నువ్వు అద్దెకున్న ఇంట్లో ఎర్తింగ్ ఉందా? రేపే ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించు. ఓసారి పందిట్లో టార్పాలిన్ మీంచి వాన కారుతుంటే, ఎర్తు పిన్ను విరిగిన ప్లగ్గుతో వాయిస్తూ మైకు దగ్గర మూతి పెట్టాను. చేతిలో తీగలు, పెదవికి మైకు. పళ్ళు ఝల్లుమన్నాయి. రెండు రోజులు నోట్లో ఇనుము రుచి పోలేదు. మిగతా సలహాలు వినకపోయినా ఇది విను.

కొత్త గిటార్ కొనకు, ఉన్నది చాలు. ఎడమ మణికట్టు లాగితే ఆ పూటకి ఆపెయ్. రోజూ అరగంట కూర్చో, ఆదివారం ఆరు గంటలు వాయించి సోమవారం చెయ్యి పట్టుకుని ఏడవకు. రాత్రిపూట ఇంటి ఓనరు గొడవ పెడితే తీగ మీటే పిక్ పక్కన పడేసి బొటనవేలితో వాయించు. జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ బొటనవేలితోనే అంత పేరు తెచ్చుకున్నాడు.

గోడ నిండా స్కేళ్ళ పటాలు, అదే స్వరాల వరసలు, అంటించావట. పీకెయ్. ఒక్క పాట పట్టుకో. ఆటమ్ లీవ్స్ మంచిది, 32 బార్లు (బారంటే నాలుగు దెబ్బల ఆవృత్తం), నడక నెమ్మది. మెలొడీ నోటికి రావాలి, వంట చేస్తూ పాడుకునేంతగా. అప్పుడు ప్రతి కార్డులో, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులో, మూడో స్వరం, ఏడో స్వరం మాత్రమే వాయించు. ఏ మైనర్ సెవెన్‌లో అవి సీ, జీ. డీ సెవెన్‌కి వచ్చేసరికి సీ ఉన్నచోటే ఉంటుంది, జీ ఒక్క ఫ్రెట్, అంటే గిటార్ మెడ మీద ఒక్క మెట్టు, దిగి ఎఫ్ షార్ప్ అవుతుంది. తర్వాత జీ మేజర్ సెవెన్‌లో ఎఫ్ షార్ప్ ఉండిపోతుంది, సీ దిగి బీ అవుతుంది. ఒకటి నిలబడితే ఒకటి జారుతుంది. ఆ రెండు స్వరాలు సరిగ్గా పడితే వెనక ఎవరూ వాయించకపోయినా కార్డు మారినట్టు చెవికి తెలిసిపోతుంది. ఇది ఒక నెల పని. నీకు ఓపిక తక్కువ, వారంలో వదిలేస్తావని నా భయం. మెట్రోనోమ్‌ని (టిక్కుటిక్కుమని లయ చూపే పరికరం) బారులో 2, 4 దెబ్బల మీద వినడం అలవాటు చేసుకో.

నీకు బొత్తిగా కొత్తేం కాదులే. ఆరేళ్ళప్పుడు నా వయొలిన్ కమానుకి రాసే రోజిన్‌ని పటికబెల్లం అనుకుని కొరికావు. ఉమ్మేసి, ఏడుపు ఆపి, మళ్ళీ వచ్చి నా పక్కనే కూర్చుని తాళం వేశావు. అప్పటికప్పుడు అల్లే కల్పన స్వరం ఎంత దూరం తిరిగినా ఎడుపు దగ్గరికి, అంటే పాట అందుకునే చోటికి, ఎలా వచ్చి పడాలో నీకు తెలుసు. జాజ్ వాళ్ళ స్కేళ్ళు మన రాగాలే: వాళ్ళ డోరియన్ మన ఖరహరప్రియ, మిక్సొలీడియన్ హరికాంభోజి, లీడియన్ కల్యాణి. స్వరాలు అవే. ఈ లెక్క తెలియగానే నాకు కొమ్ములొచ్చాయి. నా కథ నీకెప్పుడూ చెప్పలేదు.

1984. పగలు జూట్ మిల్లులో గుమాస్తా పని, పండగలకి ఆర్కెస్ట్రాలో గిటార్. 1919లో పెట్టిన మన సంగీత కళాశాలలో, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోట, వయొలిన్ నేర్చుకున్నానన్న గర్వం ఒకటి. వాల్తేరులో రిటైరైన ఒక ఆంగ్లో ఇండియన్ రైలు డ్రైవరు పియానో వాయించేవాడు. ఆదివారం సాయంత్రాలు ఒక హాల్లో నలుగురు చేరేవారు. నన్ను రమ్మన్నాడు. పాసింజరెక్కి వెళ్ళాను. ఆ రోజు సో వాట్ వాయించారు, మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసింది. సోలో నన్ను తీసుకోమన్నారు.

దాని కట్టడం చెబుతా, జాగ్రత్తగా విను. మొదటి 16 బార్లు డీ స్వరం నుంచి డోరియన్. తర్వాత 8 బార్లు ఒక్క ఫ్రెట్ పైన, ఈ-ఫ్లాట్ అనే స్వరం నుంచి డోరియన్, దాన్నే బ్రిడ్జి అంటారు. మళ్ళీ 8 బార్లు డీ. మొత్తం 32. చూడ్డానికి ఇంతే. కానీ చివరి 8 అయ్యాక మళ్ళీ మొదటి 16 వస్తాయి కదా, అంటే 24 బార్లు అదే నేల మీద నడవాలి. ఆ మధ్యలో ఎక్కడున్నావో మరిచిపోయావా, అయిపోయావు.

నేను డీని షడ్జం (స) చేసుకుని ఖరహరప్రియ అందుకున్నాను. తంబురా పక్కన పెరిగిన చెవి నాది. మన సంగీతంలో ఏది కదిలినా షడ్జం కదలదు. బ్రిడ్జి రాగానే అందరూ ఒక్క ఫ్రెట్ పైకి జరిగారు. నేను జరగలేదు. ఒక్కసారిగా నా ప్రతి స్వరం ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. వాళ్ళే తప్పారనుకుని బేస్ (మంద్ర స్వరాల వాద్యం) వాయించేవాడి వంక గుడ్లురిమాను, వాల్యూమ్ పెంచాను! నాకు తెలిసొచ్చి పైకి ఎక్కేసరికి వాళ్ళు కిందికి దిగిపోయారు. పియానో ఆయన "టాప్! టాప్!" అని అరిచాడు. పాట మళ్ళీ మొదటికొచ్చిందని ఆయన చెబుతున్నాడు. నాకు ఆ మాట తెలియదు. తారస్థాయిలో వాయించమంటున్నాడనుకుని గిటార్ మెడ చివరిదాకా పాకాను. ముందు వరసలో ఒక చిన్నపిల్ల చెవులు మూసుకుంది. ఆ పిల్ల గౌను రంగు కూడా గుర్తుంది నాకు.

ఆయన తిట్టలేదు. టీ ఇప్పించి, "వచ్చే ఆదివారం గిటార్ తేకు. బేస్ పక్కన కూర్చుని ప్రతి 8 బార్లకి ఒక వేలు ఎత్తు, అంతే" అన్నాడు. సరేనన్నాను. ఆ ఆదివారం మిల్లులో షిఫ్టు మారిందని కబురు పంపాను. ఏ షిఫ్టూ మారలేదు. పెద్దచెరువు గట్టు మీద వేరుశనక్కాయలు తింటూ చీకటి పడేదాకా కూర్చున్నాను. మరుసటి ఆదివారమూ అంతే. ఏడాది తర్వాత సిగ్గు కాస్త తగ్గి వెళ్తే హాలుకి తాళం. ఆయన ఆస్ట్రేలియాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడట.

నువ్వు గిటార్ ముట్టకుండా ఒక నెల వేళ్ళెత్తు. బస్సులో, నడకలో, ఎక్కడైనా సరే. వాయిస్తుండగా తప్పిపోతే చెయ్యి తీసెయ్, బేస్ విను, బ్రిడ్జి వచ్చేదాకా ఆగి అక్కడ కలువు. నువ్వు ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు, సోలోలో ఖాళీ ఉండొచ్చు. ఫోన్‌లో బ్యాకింగ్ ట్రాక్ పెట్టుకుని ఒక్కదానివే వాయించి వచ్చేసిందనుకోకు, అది నీ వంక చూడదు, "టాప్" అని అరవదు. జనవరిలో ఏమైనా కానీ, వాళ్ళు మళ్ళీ పిలిస్తే వెళ్ళు. నాకోసమైనా వెళ్ళు.

సిరిమాను జాతరకి రా. దసరా తర్వాత మంగళవారం కదా, ఒక్క రోజు సెలవు పెట్టు. గిటార్ తీసుకురా. నేను వయొలిన్ మంద్రంలో బేస్ గీకుతాను, నువ్వు వాయించు. వేళ్ళు మీ పెద్దమ్మ ఎత్తుతుంది, లెక్కలో ఆవిడ దిట్ట. యాంప్లిఫయర్ కూడా తెచ్చుకో. మొన్ననే పెరట్లో గొయ్యి తవ్వించి, ఉప్పు, బొగ్గు పోసి కొత్తగా ఎర్తు వేయించాను. కరివేపాకు చెట్టు వేరు కాస్త తెగింది. మీ పెద్దమ్మకి నీ పేరు చెప్పాను.

పెదనాన్న