లవం సంగతి తర్వాత, ముందు హారం చూడు బిడ్డా

బిడ్డా,

నిన్న మీ బాపు ఫోన్ చేసి చెప్పిండు, నీకు హెడ్మాస్టరుగా ప్రమోషన్ వచ్చిందనీ, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చేరినవనీ. పిల్లల మార్కులూ హాజరూ అన్నీ కంప్యూటర్‌లో ఎక్కించి, వాటిని బట్టే పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రాస్తావట. సంతోషమైంది. నిరుటి ప్రణాళికకే తేదీ మార్చి సంతకం పెట్టే బడులు ఎన్నో నీకూ తెలుసు. సంతోషం వెంటే భయమూ వేసింది. అంకెల్లేని ప్రణాళికను స్టాఫ్ రూములో ఎవరో ఒకరు ప్రశ్నిస్తారు. అంకెలతో నింపిన తప్పు ప్రణాళికకు మాత్రం అందరూ తలూపుతారు. అందుకే రాత్రి కూర్చుని ఇది రాస్తున్నా.

తెలిసిన సంగతులు ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తా. 2009 విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఆ ప్రణాళిక తయారుచేయాల్సింది బడి యాజమాన్య కమిటీ. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. మూడేళ్ల ప్రణాళిక, దానిలో ఏడాదికొకటి చొప్పున మూడు ఉప ప్రణాళికలు, ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే సిద్ధం కావాలి. అంటే డిసెంబరు లోపు. నువ్వు ఒక్కదానివే లాప్‌టాప్ ముందు కూర్చుని రాసుకునేది కాదు.

ఇక షీటు. పిల్లకొక వరుస. అడ్మిషన్ నంబరు, పెన్ నంబరు (బడి మారినా మారకుండా ప్రతి పిల్లకూ ఉండే శాశ్వత విద్యా సంఖ్య), ఆడా మగా, ఏ ఆవాసం నుంచి వస్తారు, ఇంట్లో ఏ భాష, అయిదో తరగతి ఏ బడిలో చదివారు, నెలనెలా ఎన్ని రోజులు వచ్చారు, సబ్జెక్టు వారీగా ఎస్‌ఏ (పెద్ద రాత పరీక్ష) మార్కులు. ఇంతే చాలు. ఆధార్ నంబరు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఆ షీటులో పెట్టకు. ఇవాళ నీ లాప్‌టాప్‌లో ఉన్న ఫైలు రేపు ఎవరి వాట్సాప్‌లో తేలుతుందో ఎవరికీ తెలియదు.

చిన్న విషయమే గానీ చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పరీక్ష రోజు రాని పిల్లకు సున్నా వేయకు, గడి ఖాళీగానూ వదలకు. సున్నా వేస్తే క్లాసు సగటు అన్యాయంగా పడిపోతుంది. ఖాళీగా వదిలితే ఎక్సెల్ ఆ పిల్లను సగటులో లెక్కే చేయదు, సగటు అన్యాయంగా పెరుగుతుంది. ‘ఏబీ’ అని రాయి. అదీ సగటులోకి రాదు కాబట్టి ఏబీలు ఎన్నో పక్కన వేరే గడిలో లెక్కపెట్టి, సగటు చెప్పిన ప్రతిసారీ ఆ సంఖ్యా చెప్పు.

ఎఫ్‌ఏ, అంటే మధ్యమధ్యలో వేసే నిర్మాణాత్మక మూల్యాంకనం మార్కుల మీద ప్రణాళిక కట్టకు. స్లిప్ టెస్టు తప్ప మిగతావన్నీ, పాఠంలో పాల్గొనడం, నోటుబుక్కు, ప్రాజెక్టు, టీచరు అంచనాతో వేసేవే. ఇరవైకి పదిహేడు, పద్దెనిమిది వరసగా కనిపిస్తే అది పిల్లల చదువు కాదు, టీచరు మంచితనం. అదే పిల్లకు ఎస్‌ఏలో ఎంత వచ్చిందో పక్కన పెట్టి చూడు. తేడా ఎక్కువున్న చోట గొడవ పడకు, గుర్తుపెట్టుకో.

ఇప్పుడు అసలు మాట. నా తరం హెడ్మాస్టర్లం ఏళ్ల తరబడి చేసిన తప్పు ఇది. నువ్వు మళ్లీ చేస్తావేమోనన్నదే నా భయం, ఈ ఉత్తరం పొడుగంతా దీని కోసమే.

పదో తరగతి ఫలితాలు వస్తాయి. 41 మంది రాస్తే 40 మంది పాస్. 97.6 శాతం. గేటుకు ఫ్లెక్సీ కడతాం, పేపర్లో ఫొటో వస్తుంది. మరి ఆ 41 ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. పైనున్న లవం, ఆ 40, చూసి మురిసిపోతాం, కిందున్న హారం, ఆ 41, వైపు చూడం.

లెక్క కోసం ఒక బడి ఇట్లా ఉందనుకో. నాలుగేళ్ల కిందటి ఆరో తరగతి అడ్మిషన్ రిజిస్టరు తీస్తే 58 పేర్లున్నాయి. ఇప్పటి 41లో నలుగురు మధ్యలో వేరే బడి నుంచి చేరినవాళ్లు, వాళ్లను పక్కన పెట్టు. 58లో మిగిలింది 37. పాసైంది 36. అంటే 62 శాతం. ఇది చూసి గుండె గుభేలుమంటుంది గానీ ఇదీ పూర్తి న్యాయం కాదు. పోయిన 21 మందిలో తొమ్మిది మంది టీసీ తీసుకుని గురుకులానికి పోయారు, నలుగురు ఇంకో బడికి. ఈ పదమూడు మంది చదువు ఆగలేదు. వాళ్లను తీసేస్తే 45. అందులో 36 అంటే 80 శాతం. మూడు అంకెలూ నిజమే. ప్రణాళిక రాయాల్సింది మాత్రం మూడోదాని మీద.

ఎందుకంటే ఆ మూడో లెక్కలోనే ఎనిమిది మంది బయటపడతారు. టీసీ లేదు, ఏ బడిలోనూ పేరు లేదు. ఏదో ఒక నెల హాజరు రిజిస్టరులో వరసగా గైర్హాజరు గుర్తులు, ఆ తర్వాత ఎర్ర సిరాతో కొట్టివేత. ఫెయిలైన ఒక్క పిల్లవాడి కోసం పది రోజులు స్పెషల్ క్లాసులు పెడతాం. ఈ ఎనిమిది మంది ఏ పట్టికలోనూ ఉండరు కాబట్టి ఏ ప్రణాళికలోనూ ఉండరు. ఇంకా ఘోరం, వాళ్లు పోయినందువల్లే మన శాతం పెరుగుతుంది. చదువులో వెనకబడ్డవాళ్లే ముందు మానేస్తారు గదా. బడి బాగుపడకుండానే గ్రాఫు పైకి పోతుంది, మనం దాన్నే ప్రగతి అని రాసుకుంటాం.

కాబట్టి నువ్వు మొదటి వారం చేయాల్సింది ఇది. ఆరు నుంచి పది దాకా ప్రతి క్లాసుకూ అడ్మిషన్ రిజిస్టరుతో మొదలుపెట్టి ఒక్కో పేరు ఇప్పుడెక్కడుందో పట్టుకో. టీసీ ఇచ్చినంత మాత్రాన చేరినట్టు కాదు. దేశంలోని బడుల వివరాలుండే యూడైస్ ప్లస్ పోర్టల్‌లో పెన్ నంబరు చూడు, కొత్త బడి ఆ పిల్లను దిగుమతి చేసుకుందా లేక ఏ బడీ తీసుకోని పేర్లుండే డ్రాప్‌బాక్స్‌లోనే ఉండిపోయిందా. అక్కడే ఉంటే ఆ టీసీ పెట్టెలో మూలుగుతున్నట్టే. ఏ బడిలోనూ పేరు లేని పిల్లలందరినీ వేరే షీటులో రాసి, ఆఖరిసారి బడికి వచ్చిన నెల, క్లాసు, ఆవాసం, ఆడా మగా రాయి. ఆ నెల గడి మీద వరస పెట్టి చూడు. దసరా సెలవుల తర్వాత తిరిగి రానివాళ్లు ఒక చోట పోగవుతారు, పత్తి ఏరడం అప్పుడే కదా. వేసవి సెలవుల తర్వాత, ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య పోయినవాళ్లు ఇంకో చోట. అందులో ఆడపిల్లలు ఎక్కువుంటే సంగతేమిటో నీకు చెప్పనక్కర్లేదు. మొదటి గుంపుకు కావాల్సింది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇల్లిల్లూ తిరగడం. రెండో గుంపుకు ఏప్రిల్‌లోనే తల్లులతో మాట్లాడడం. రెండింటికీ ఒకే మందు పనికిరాదు.

హాజరు సగటూ ఇట్లాగే మోసం చేస్తుంది. నలభై మంది క్లాసు, ఇరవై పని దినాలు, 90 శాతం హాజరు. ప్రతి ఒక్కరూ రెండేసి రోజులు మానేసినా అంతే వస్తుంది, నలుగురు నెలంతా రాకపోయినా అంతే వస్తుంది. శాతం అడగకు, నెలలో నాలుగు రోజులకు మించి మానేసినవాళ్ల జాబితా అడుగు. రిజిస్టరు మీద అనుమానమొస్తే ఎవరినీ నిలదీయకుండా మధ్యాహ్న భోజనం వంటామెను అడుగు, ఇవాళ ఎన్ని కిలోల బియ్యం పోసినవమ్మా అని. ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లకు 150 గ్రాములు. రిజిస్టరులో నూట ఇరవై మంది ఉంటే పద్దెనిమిది కిలోలు కావాలి. ఆమె పధ్నాలుగే పోసానంటే తొంభై మూడు మందికి సరిపడా. రోజూ తినకుండా ఇంటికి పోయేవాళ్లు కొందరుంటారనుకో, అయినా ఇరవై ఏడు మంది తేడా ఉంటే ఆలోచించాల్సిందే.

మార్కుల కన్నా ముందు చదవడం వచ్చో రాదో చూడు. పల్లె పిల్లల చదువు సర్వే చేసే అసర్ వాళ్ల పద్ధతి 2005 నుంచీ ఉంది, అదే వాడు. పేరాతో మొదలుపెట్టాలి. చదివితే కథ ఇవ్వాలి, ఆగితే పదాలకు దిగాలి, అయిదింట నాలుగు చదివితే పదాల స్థాయి, లేకపోతే అక్షరాలు. ఒక్కొక్కరినీ విడిగా, పక్కవాళ్లకు వినపడకుండా కూర్చోబెట్టాలి. పిల్లకు నాలుగు నిమిషాలు, 42 మందికి 168 నిమిషాలు, అంటే నాలుగు పీరియడ్లు. ఆ క్లాసు టీచరు కాక ఇంకొకరు పరీక్షించాలి. మూడు రకాల కాగితాలు తయారు చేసుకో. జూన్‌లో ఇచ్చిన కాగితమే డిసెంబరులో ఇస్తే చదివినట్టు అప్పజెప్పేస్తారు.

స్థాయి రాసి వదిలేయకు, ఎక్కడ ఆగారో రాయి. తెలుగులో చాలామంది గుణింతాల దాకా బాగానే వస్తారు, ‘అమ్మ’, ‘అక్క’ కూడా గడగడా చదువుతారు, ‘ముఖ్యం’ దగ్గర నసుగుతారు, ‘రాష్ట్రం’ దగ్గర నోరు మూస్తారు. తండా నుంచి వచ్చే పిల్ల అన్ని అక్షరాలూ చదివి అర్థం చెప్పలేకపోతే ఆ కష్టం వేరు, ఇంట్లో మాట్లాడేది లంబాడీల భాష గోర్ బోలి. ఒకరికి కావాల్సింది సంయుక్తాక్షరాల సాధన, ఇంకొకరికి కావాల్సింది మాటలు. ఇద్దరినీ ‘సి గ్రూపు’ అని ఒకే బెంచీ మీద కూర్చోబెడితే ఇద్దరికీ నష్టమే.

లెక్కల్లోనూ అంతే. 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసిన పిల్ల తీసివేత రాని పిల్ల కాదు. పెద్దంకెలోంచి చిన్నంకె తీస్తోంది, పైదా కిందదా చూడట్లేదు. పుల్లల కట్టలు పెట్టి చూపిస్తే వారం రోజుల పని. 824ను 8తో భాగిస్తే 13 అన్న పిల్లకు భాగహారం వచ్చు, సున్నా స్థానం రాదు. ఈ రెండు తప్పులకూ మార్కుల రిజిస్టరులో కనపడేది ఒకటే, సున్నా. అందుకే ఎస్‌ఏ పేపర్లు కట్ట కట్టి అటక మీద పడేయనివ్వకు. క్లాసుకు పది పేపర్లు తీసి ప్రశ్న వారీగా తప్పులు చూడమను. ఒక మధ్యాహ్నం చాలు.

ఒక్క హెచ్చరిక. చిన్న క్లాసుల్లో శాతాలతో ఆడకు. పదో తరగతిలో 24 మంది ఉంటే ఒక్క పిల్లంటే నాలుగు శాతం పైనే. నిరుడు 22 మంది పాస్, ఈసారి 21. కాగితం మీద 91.7 నుంచి 87.5కు ‘పడిపోయింది’. ఒక పిల్లకు పరీక్షల్లో జ్వరం వచ్చి ఉండొచ్చు, దాని కోసం సైన్సు టీచరును నిలబెట్టి అడుగుతావా? ముప్పై మంది లోపు ఉన్న చోట శాతం వాడకు, తలలు లెక్కపెట్టు.

టీచర్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, కోపగించుకోకు. నీకు చిన్నప్పటి నుంచీ ఒక తొందర ఉంది, లెక్క తేలకముందే జవాబు కింద రెండు గీతలు గీస్తావు. ఎవరి సబ్జెక్టులో ఎంత శాతమో రంగుల పట్టిక చేసి స్టాఫ్ రూము గోడకు అంటించాలని నీకు తప్పకుండా అనిపిస్తుంది. వద్దు. ఆ రోజు నుంచి నీకు నిజమైన మార్కులు రావు. వచ్చే పరీక్షకు పట్టికంతా పచ్చబడుతుంది, పిల్లలు ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉంటారు. షీటు టేబుల్ మీద పెట్టి, ‘ఈ పధ్నాలుగు మంది ఇక్కడ ఆగారు, ఎందుకంటారు సార్?’ అని అడుగు. ఏ పిల్ల ఎక్కడ ఆగిందో షీటు చెప్తుంది. ఎందుకు ఆగిందో రోజూ ఎదురుగా నిలబడే మనిషికే తెలుసు.

ప్రణాళికలో లక్ష్యాలు మూడు దాటితే ఒక్కటీ కాదు. ఒక్కోటి ఇట్లా ఉండాలి: ఎనిమిదో తరగతిలో అప్పు తెచ్చుకునే తీసివేత రానివాళ్లు 14 మంది, సెప్టెంబరు ఆఖరుకు అందులో పది మందికి రావాలి, రోజూ ప్రార్థనకు ముందు నలభై నిమిషాలు, ఫలానా టీచరు, రెండు వారాలకోసారి అయిదు లెక్కల కాగితం. ‘గణిత సామర్థ్యాలు పెంపొందించుట’ అని రాస్తే ఎవరికీ పని ఉండదు. ఆరు వారాలకు కదలిక లేకపోతే పద్ధతి మార్చు, గడువు పొడిగించకు.

కమిటీ సమావేశంలో ప్రొజెక్టరు పెట్టకు. తల్లులు కూలికి పోయి వచ్చి కూర్చుంటారు. ‘మన ఊరి పిల్లలు నలభై అయిదు మందిలో తొమ్మిది మంది పది పాస్ కాలేదు, అందులో ఎనిమిది మంది బడికే రావట్లేదు’ అని మాటల్లో చెప్పు. పేర్లు చదవకు. ఎవరి పిల్లో వాళ్లకే తెలుస్తుంది, సమావేశం అయ్యాక ఒకరిద్దరు నీ దగ్గర ఆగుతారు. అప్పుడు కుర్చీ వేసి కూర్చోబెట్టు, గడియారం చూడకు.

తిన్నవో లేదో పట్టించుకునేవాళ్లు ఉండరు అక్కడ, మధ్యాహ్నం పిల్లలతో పాటే తిను. అట్లా తింటే వంట సంగతీ తెలుస్తుంది.

సోమవారం అడ్మిషన్ రిజిస్టరుతోనే మొదలుపెట్టు, లాప్‌టాప్ మంగళవారం తెరవొచ్చు. ఆదివారం నేనే ఫోన్ చేస్తా. పేర్లు నాకు చెప్పొద్దు, షీటు పంపొద్దు. ఎంత మంది దొరకలేదో, అందులో ఎన్ని ఇళ్లకు పోయి వచ్చినవో చెప్పు.

నీ పెదనాయన