ఖర్చు తగ్గించుకోవడానికి సెకండ్ హ్యాండ్ జపాన్ స్పోర్ట్స్ కారు: మన డెల్టా రోడ్లకు ఏది నప్పుతుంది?

మీరు పాలకొల్లులో ఉంటూ వ్యాపారం పనిమీద తరచుగా రాజమండ్రి, కాకినాడ వెళ్లివస్తున్నారు. ఇంట్లో ఉన్న పెద్ద డీజిల్ బండి ఖర్చు తట్టుకోలేక దాన్ని అమ్మేసి, 6 లక్షల లోపు రెండు తలుపుల జపాన్ స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొంటే డబ్బు మిగులుతుందా, తోలడంలో ఆనందమూ దక్కుతుందా అని అడిగారు. రెండూ దక్కుతాయి, కాని రెండు తలుపుల ఆలోచనను మాత్రం వదులుకోవాలి. నేను పాత హోండా సిటీ వీటెక్‌ను చాలాకాలం వాడాను, ఇప్పుడు తణుకులో మారుతి సుజుకి బలేనో ఆర్‌ఎస్ నడుపుతున్నాను, మా బావగారి దగ్గర 1.8 లీటర్ల హోండా సివిక్ ఉంది. ఈ మూడింటినీ దగ్గరగా చూసిన అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

జపాన్ కంపెనీలు మన దేశంలో అధికారికంగా అమ్మిన అసలైన కూపేలు, అంటే రెండు తలుపుల స్పోర్ట్స్ కార్లు, వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. నిస్సాన్ 370జడ్ వచ్చింది గాని, అది 3.7 లీటర్ల వీ6 ఇంజిన్ ఉన్న దిగుమతి బండి, ఖర్చు తగ్గించుకోవాలనుకునే మనిషి దాని జోలికి వెళ్లకూడదు. విదేశంలో వాడిన కారును తెప్పించుకుందామంటే, తయారై 3 ఏళ్లు దాటని బండినే అనుమతిస్తారు, దాని మీద పడే సుంకం బండి విలువనే మించిపోతుంది. కాబట్టి మీరు వెతకవలసింది కూపే ఆకారం కోసం కాదు, అదే తీరున ఉరికే ఇంజిను ఉండి, మన ఊరి మెకానిక్ చేతికి లొంగే జపాన్ కంపెనీ కారు కోసం.

ముందుగా లెక్క చూడండి. నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. లీటరుకు 11 ఇచ్చే డీజిల్ బండికి సుమారు 136 లీటర్లు, 16 ఇచ్చే పెట్రోలు కారుకు సుమారు 94 లీటర్లు పడతాయి. లీటరు డీజిల్‌ను 98, పెట్రోలును 110 రూపాయలుగా వేసుకుంటే నెలకు మిగిలేది 3,000 రూపాయల చిల్లర. ఏడాదికి 36,000 అన్నమాట. వినడానికి బాగానే ఉంటుంది గాని, స్పేరు పార్టు దొరక్క బండి షెడ్డులో మూడు వారాలు పడుకుంటే, లేదా సస్పెన్షన్ పని ఒక్కసారి పూర్తిగా పడితే ఆ మిగులంతా అక్కడే కరిగిపోతుంది. అందుకే మైలేజీ కంటే ముందు, ఈ బండికి పార్టులు భీమవరంలోనో రాజమండ్రిలోనో అదే రోజు దొరుకుతాయా అని అడగమంటాను.

ఇన్సూరెన్సులో కూడా తేడా ఉంది. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం (మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే తప్పనిసరి బీమా) 1,000 సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు, 1,500 సీసీ వరకు 3,416, ఆపైన 7,897. సివిక్ 1,799 సీసీ, బలేనో ఆర్‌ఎస్ 998 సీసీ. అంటే ఇంజిను ఎంపిక చేసుకున్న రోజే ఏటా కట్టవలసిన ఈ థర్డ్ పార్టీ మొత్తం ఏ స్థాయిలో ఉంటుందో ఖాయమైపోతుంది.

ఇక కార్ల విషయానికి వస్తాను. 2000 నుంచి 2003 దాకా వచ్చిన సిటీ వీటెక్ నడపడానికి ఎంతో హాయినిచ్చే బండి, 106 హార్స్ పవర్, తేలికైన ఒళ్లు, చేతికి చక్కగా అందే గేరు. కాని ఇప్పుడు ప్రతి బండీ 20 ఏళ్లు దాటినదే, ఇంజిను లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే టైమింగ్ బెల్టు రబ్బరుది, ఎప్పుడు మార్చారో పాత యజమానికే గుర్తుండదు. 15 ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, 20 ఏళ్లు దాటినవాటికి ఆ తరువాత ఇంకా పెంచారు. పైగా బంకుల్లో ఇప్పుడు వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఆ కాలపు కార్ల రబ్బరు గొట్టాలు, సీళ్లు దీనికోసం తయారైనవి కావు. ప్రేమతో ఉంచుకునేవారికే తప్ప, రోజూ పనికి తిరిగేవారికి దాన్ని సిఫారసు చేయలేను.

సివిక్ ఇంజిను మాత్రం నాకెంతో గౌరవమున్న ఇంజిను. 132 హార్స్ పవర్, రబ్బరు బెల్టుకు బదులు టైమింగ్ చైను, నూనె సమయానికి మారుస్తూ ఉంటే ఏళ్ల తరబడి నోరెత్తదు. బాధంతా దాని కింది భాగంతోనే. పెనుగొండ నుంచి మార్టేరు వైపు కాలువ గట్టు రోడ్డున నలుగురు ఎక్కి వెళ్తుంటే ప్రతి ఊరి మొదట్లో ఉండే ఆ గుండ్రటి స్పీడ్ బ్రేకరు దగ్గర బండిని వాలుగా తిప్పి, ఒక్కొక్క చక్రాన్నీ విడిగా ఎక్కించినా సరే, నడుము భాగం బర్రున గీసుకుంటుంది. మా బావగారు వెనక కూర్చున్నవారిని దింపి, బండి దాటాక మళ్లీ ఎక్కించుకోవడం నేను కళ్లారా చూశాను. షాక్ అబ్జార్బర్లు, బుష్‌ల వంటివి ఆయన ఆర్డరు పెట్టి విజయవాడ నుంచి తెప్పించుకుంటారు. మీ ప్రయాణంలో ఎక్కువ భాగం సిద్ధాంతం నుంచి రావులపాలెం మీదుగా హైవే మీదే అయితే ఆలోచించవచ్చు గాని, లంక గ్రామాలకూ చెరువుల మీదకూ వెళ్లేవారికి అది తగదు.

నా ఓటు 2017 నుంచి 2020 మొదటి వరకు అమ్మిన బలేనో ఆర్‌ఎస్‌కే. మూడు సిలిండర్ల టర్బో ఇంజిను, 102 హార్స్ పవర్, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు. హైవే మీద లారీని దాటవలసి వచ్చినప్పుడు మూడో గేరులో అది ముందుకు దూకే తీరు చూస్తే మీకు కూపే మాటే గుర్తురాదు. నిదానంగా తోలితే నాకు లీటరుకు 17 దాకా వస్తుంది, తొక్కితే 13కు పడిపోతుంది. బాడీ పార్టులు, సస్పెన్షన్ సామానులో చాలామటుకు మామూలు బలేనోవే కనుక చిన్న ఊళ్లలోనూ దొరుకుతాయి. ఇంజిను విషయంలో ఒకప్పుడు సంకోచముండేది గాని, అదే కుటుంబపు టర్బో ఇంజిను 2023లో మారుతి కొత్త కారు ఫ్రాంక్స్‌లో రావడంతో మెకానిక్‌లకు దాని మీద చేయి తిరిగింది. మంచి సింథటిక్ ఆయిలు వాడాలి, దూరం తోలి వచ్చాక వెంటనే ఆపేయకుండా ఒక్క నిమిషం ఇంజినును అలాగే తిరగనివ్వాలి. ఆర్‌ఎస్ దొరక్కపోతే పెట్రోలు మాన్యువల్ స్విఫ్ట్ తీసుకోండి. ఖర్చు ఒక్కటే ముఖ్యమనుకుంటే సీఎన్‌జీ బండి ఇంకా చవక, కాని మీరు అడిగిన ఆనందం అందులో ఉండదు.

ఏ కారు చూసినా, మన ప్రాంతంలో తప్పనిసరిగా చూడవలసింది నీటి జాడ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. అలాంటి బండ్లు కడిగి, తుడిచి, సెంటు కొట్టి ఇతర జిల్లాల్లో అమ్మకానికి రావచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, మునిగిన బండి అయితే ఆఖరి మూరలో మట్టి గీత కనిపించవచ్చు. సీటు పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, మ్యాటు కింద తడి వాసన, ఇవన్నీ దాచడం కష్టం. ఉప్పు సంగతి వేరు. నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు గాలి సరే, రొయ్యల లోడు లారీల నుంచి కారే ఉప్పునీరు రోడ్డు మీద పడి ప్రతి బండి అడుగునా అంటుకుంటుంది. అందుకే కారును లిఫ్టు మీదకు ఎక్కించి, సైలెన్సరు అతుకులనూ బ్రేకు పైపులనూ టార్చిలైటు వేసి చూడనిదే బయానా ఇవ్వవద్దు.

కాగితాల్లో తెలంగాణ బండి అయితే అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఎన్‌వోసీతో పాటు మన రాష్ట్రపు లైఫ్ ట్యాక్సును కారు వయసును బట్టి కట్టవలసి ఉంటుంది, ఆ మొత్తాన్ని ముందే ధరలో తగ్గించి బేరమాడండి. ఫైనాన్సు ఉండి తీరిపోయిన బండి అయితే బ్యాంకు ఇచ్చే ఫారం 35, బదిలీకి 29, 30 ఫారాలు సంతకాలతో చేతికి వచ్చాకే మిగతా సొమ్ము చెల్లించండి.