చేపల గురించి సమానంగా తెలిసినవాళ్లు కూడా వాటిని వేర్వేరుగా ఎందుకు విడదీస్తారు?

ప్రకృతిని ఎలా గుంపులు చేస్తామన్నది మనకున్న జ్ఞానం మీదే కాదు, దాన్ని ఏ పనికి వాడతాం, ఏ సంస్కృతిలో పెరిగాం అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

ఒక్కో చేపకు ఆకారం, జాతి, ఉండే చోటు, తినే తిండి లాంటి లక్షణాలెన్నో ఉంటాయి. వాటిలో తరచూ అవసరపడేదే ముందు బుర్రకు తడుతుంది.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త డగ్లస్ మెడిన్ బృందం దీన్నే పరిశీలించింది. చేపల వేటలో ఆరితేరిన మెనామినీ అనే అక్కడి ఆదివాసీ తెగవాళ్లకూ, వేటలో అంతే ఆరితేరిన పొరుగు తెల్లవాళ్లకూ స్థానిక చేపల పేర్లున్న కార్డులిచ్చి, కలిసేవాటిని ఒకచోట పెట్టమన్నారు. తెల్లవాళ్లు ఒకే జాతివి, వేటలో మజా ఇచ్చేవి, పనికిరానివి అని పేర్చారు. మెనామినీలు మాత్రం ఏ చేపలు ఎలాంటి నీళ్లలో కలిసి బతుకుతాయన్నదే ఎక్కువగా చూశారు. వాళ్ల దృష్టిలో పనికిరాని చేపంటూ ఉండదు, ప్రతిదానికీ ఓ పాత్ర ఉంటుంది.

దీన్ని బట్టి తెల్లవాళ్లకు చేపల నివాసాలు తెలియవనుకోవడమే మామూలుగా జరిగే పొరపాటు. నివాసాన్ని బట్టే పెట్టమంటే వాళ్లూ చక్కగా పెట్టారు. ఏ చేపకు ఏ చేపతో సంబంధమో గబగబా అడిగితే మెనామినీలు ఎక్కువ చెప్పారు, తీరిగ్గా అడిగితే ఆ తేడా పోయింది. అనుభవం పెరిగితే అందరూ శాస్త్రీయ వర్గీకరణకే వస్తారన్నదీ అపోహే: తోటలు డిజైన్ చేసేవాళ్లు చెట్లను నీడకు, అందానికి అంటూ వాడకాన్ని బట్టి విడదీస్తారు.