కార్డు తెచ్చుకోవడం కాదు, చెయ్యి తిరగాలి

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ ఫైనలియర్ పాసై కాకినాడలో హౌస్ సర్జన్‌గా చేస్తోంది. పేషెంట్ గుండె ఆగితే తనే ముందు సీపీఆర్ (ఛాతీ నొక్కి, శ్వాస అందించి బతికించే ప్రయత్నం) మొదలుపెట్టాలని నైట్ డ్యూటీ అంటేనే టెన్షన్ పడుతోంది. గుండె ఆగినప్పుడు మందులు, కరెంటు షాక్‌తో సహా చేసే చికిత్స నేర్పే ఏసీఎల్ఎస్ కోర్సు చేస్తానంటోంది. నీట్ పీజీ చదువు దెబ్బతింటుందేమోనని నా భయం. చేయించమంటారా?
- ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: చేయించండి. రెండు మూడు రోజులకు పీజీ ర్యాంకు ఎక్కడికీ పోదండీ. కాకపోతే ముందు బీఎల్ఎస్, అంటే సీపీఆర్ ప్రాథమిక పాఠం, గట్టిగా నేర్చుకోమనండి. అది చిన్న కోర్సని చాలామంది తీసిపారేస్తారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా 6 దాటకుండా ఛాతీ నొక్కాలి, నొక్కిన ప్రతిసారీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, రెండు నిమిషాలకోసారి నొక్కే మనిషి మారాలి. ఇది రానివాళ్లకు గుండె ఆగినప్పుడు ఇచ్చే అడ్రినలిన్ మందు డోసు నోటికొచ్చినా పేషెంట్‌కు ఒరిగేది తక్కువ.

ఇక కోర్సు పాసైతే ఇచ్చే కార్డు సంగతి. దాని గడువు రెండేళ్లు. చేతికొచ్చిన పని మాత్రం కొన్ని నెలలకే జారిపోతుంది. అందుకే మూడు నెలలకోసారి స్కిల్స్ ల్యాబ్‌కు వెళ్లి బొమ్మ మీద కాసేపు నొక్కి రావడం మేలు. అనస్థీషియా (మత్తు విభాగం) పోస్టింగ్ వచ్చినప్పుడు సెలవు పెట్టి పీజీ పుస్తకాలు పట్టుకునే పిల్లలున్నారు, నాకైతే అది తెలివితక్కువ పనే. అంబు బ్యాగ్‌తో, అంటే మాస్కు పెట్టి చేత్తో నొక్కి గాలి పంపే సంచితో, ఊపిరి అందించడం ఆపరేషన్ థియేటర్‌లో సీనియర్ పక్కన నేర్చుకున్నంత బాగా ఇంకెక్కడా రాదు.

మన డెల్టాలో పనిచేసే డాక్టరుకు ఆ బ్యాగ్ మరీ అవసరం. కాలవలోనో చెరువులోనో మునిగినవాళ్లకు గుండె ఆగేది ఊపిరి అందకే. వాళ్లకు ఛాతీ నొక్కితే సరిపోదు, ముందు శ్వాస ఇవ్వాలి. కట్లపాము కరిస్తే ఊపిరి కండరాలు పడిపోతాయి. గుండె కొట్టుకుంటూనే ఉన్నా, కదలిక లేక, కంటిపాపలు స్పందించక, మనిషి పోయినట్టే కనిపించవచ్చు. విషానికి మందు పడుతుండగానే, వెంటిలేటర్ దొరికేదాకా బ్యాగ్ నొక్కుతూ ఉంటే బతికే అవకాశం ఉంటుంది. రొయ్యల చెరువు దగ్గర ఏరేటర్ (నీటిలో గాలి కలిపే కరెంటు మిషన్) షాక్ కొట్టిన కేసు వేరు. అక్కడ చాలాసార్లు గుండె లయ తప్పి వణుకుతుంటుంది. ఛాతీ నొక్కుతూనే త్వరగా డీఫిబ్రిలేటర్ (గుండె లయను సరిచేసేందుకు షాక్ ఇచ్చే మిషన్) పెట్టాలి. ఈ తేడాలు తెలిస్తే అమ్మాయికి సగం టెన్షన్ తగ్గుతుంది.

మిగతా సగం ఉంటుంది, ఉండనివ్వండి. అన్నీ సరిగా చేసినా గుండె ఆగినవాళ్లలో ఎక్కువమంది దక్కరు. డ్యూటీ నుంచి రాగానే "బతికాడా?" అని మీరు ఆరా తీయకండి. చెప్పాలనిపిస్తే తనే చెబుతుంది.

హౌస్ సర్జన్సీ అయ్యాక పీజీకి చదువుతూ ప్రైవేటులో డ్యూటీ డాక్టరుగా చేరతానంటుందేమో. మనవాళ్లు జీతం, ఇంటికి దూరం, ఈ రెండే అడుగుతారు. రాత్రి పిలిస్తే సీనియర్ ఎంతసేపట్లో వస్తారు, డీఫిబ్రిలేటర్‌ను రోజూ పరీక్షించేదెవరు, నర్సులకు సీపీఆర్ వచ్చా అని కూడా చేరేముందే అడగమనండి. సూటిగా జవాబు చెప్పని చోట ఐదువేలు ఎక్కువిచ్చినా వద్దు.

కోర్సు మాత్రం ఇంటర్న్‌షిప్ అయ్యేదాకా ఆపకండి. క్యాజువాలిటీ పోస్టింగ్‌కు ముందే చేస్తే, నేర్చుకున్నది వెంటనే చేతిలో పడుతుంది.