సైకిల్ సందేహాలు: ఈసారి కొల్లేరు దారులు

ప్రశ్న: హైదరాబాద్‌లో నలుగురం స్నేహితులం ఆదివారాలు గండిపేట వైపు సైకిళ్లు తొక్కుతుంటాం. డిసెంబరులో ఒక్కరోజులో కొల్లేరు చుట్టూ ఒక రౌండ్ వేద్దామని ప్లాన్. ఫోన్ మ్యాప్‌లో సరస్సు లోపలికి కూడా బోలెడు దారులు కనిపిస్తున్నాయి. మావి సన్న టైర్ల రోడ్ బైకులు. రూటు చెప్పండి సార్.
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: గండిపేట చుట్టూ తిరిగినట్టు కొల్లేరు చుట్టూ తిరగడం కుదరదండీ. కొల్లేటికి ఒడ్డు ఇదీ అని ఒకచోట ఉండదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసిన నీళ్లు వానాకాలంలో ఎంతదూరం పరుచుకుంటే అంతదూరమూ కొల్లేరే. ఎండాకాలం వచ్చేసరికి ఆ అంచు ఎక్కడికో లోపలికి వెళ్లిపోతుంది. డ్రైనేజీ శాఖలో పనిచేసినన్నాళ్లూ నేను తిరిగింది ఆ అంచుల వెంటే, అదీ ఎక్కువగా సైకిల్ మీదే.

మీకు మ్యాప్‌లో సన్న గీతల్లా కనిపించేవి చాలావరకు చేపల చెరువుల గట్లు. అభయారణ్యంగా 1999లో ప్రకటించిన భాగం 308 చదరపు కిలోమీటర్లు, అంటే 5వ కాంటూరు (సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత) లోపలిదంతా. 2006లో ఆ హద్దులో ఉన్న చెరువుల గట్లకు ప్రభుత్వం గండ్లు కొట్టించింది. గట్టు మీద సాఫీగా పోతుంటే ఉన్నట్టుండి ఎదురుగా నీళ్లు వస్తాయి. ఫోన్ మాత్రం ఇంకా ముందుకే పొమ్మంటుంది. పైగా అక్కడ ఉన్నది నల్లరేగడి. రాత్రి చిన్న జల్లు పడితే చాలు, మట్టి ముద్దలు ముద్దలుగా టైరుకీ ఫోర్కుకీ మధ్య ఇరుక్కుని చక్రం తిరగదు. ఇక సైకిల్‌ని భుజాన మోసుకు రావాల్సిందే. కాపలావాళ్లు ఆపి అడిగితే విసుక్కోకండి. చేపల దొంగతనాలు జరిగే చోట కొత్తవాళ్లను ఆపడం వాళ్ల పని.

అందుకని చుట్టూ తిరిగే ఆలోచన వదిలేసి, అడ్డంగా దాటండి. ఏలూరు స్టేషన్ దగ్గర తెల్లవారకముందే సిద్ధంగా ఉండి, వెలుగు రాగానే కైకలూరు రోడ్డు పట్టుకోండి. సుమారు 30 కిలోమీటర్లు. ఎత్తు పల్లాలనేవే ఉండవు. మీకు శ్రమ పెట్టేది గాలి ఒక్కటే. చలికాలం ఉదయం ఈశాన్యపు గాలి కాబట్టి దక్షిణానికి దిగేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది. అదే దారిలో మధ్యాహ్నం దాటాక దిగితే, ముఖ్యంగా ఫిబ్రవరి తర్వాత, పైరగాలి ఎదురై స్పీడు సగానికి సగం పడిపోతుంది. మీరు డిసెంబరు ఎంచుకోవడం మంచిదైంది, ఉదయపు సమయాన్ని మాత్రం వదులుకోకండి.

పెదఎడ్లగాడి, చినఎడ్లగాడి ప్రాంతానికి వచ్చాక ఓ పదిహేను నిమిషాలు సైకిల్ దిగండి. వానాకాలంలో కొల్లేరు రోడ్డును ముంచేది ఇక్కడే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఇక్కడ రోడ్డు మీదకి నీళ్లెక్కి రాకపోకలు ఆగిపోయాయి. ఆ వేగంలో వచ్చే నీళ్ల కింద రోడ్డు అంచు కోసుకుపోయిందో లేదో పైకి తెలియదు. ఎవరో బండి మీద దాటేశారని మీరు దాటకండి.

పొద్దున్నే చేపల పట్టుబడి జరుగుతున్న చెరువు ఒక్కటైనా కనిపిస్తుంది. పీకల్లోతు నీళ్లలో మనుషులు వరసగా వల లాగుతుంటారు. గట్టు మీద బొచ్చెలూ శీలావతులూ ట్రేలకెక్కుతుంటాయి. ఒకడు ఐసు దిమ్మను కొట్టి పొడి చేస్తుంటే ఇంకొకడు పారతో పొరలు పొరలుగా చల్లుతాడు. చూడముచ్చటగా ఉంటుంది, తప్పకుండా చూడండి. కానీ లోడైన లారీ వెళ్లిన దారి గమనించండి. దాన్నుంచి కారిన నీళ్లకు చేప జిగురు కలిసి, మలుపుల దగ్గర సన్న టైరు సబ్బు మీద కాలేసినట్టు జారుతుంది. అక్కడ ముందు బ్రేకు ముట్టుకోవద్దు, సైకిల్ వంచొద్దు.

కైకలూరులో టిఫిన్ చేసి, పక్కనే ఉన్న ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లండి. పక్షుల కోసం అటవీ శాఖ నీళ్ల మధ్య ఇనుప స్టాండ్లు కట్టింది. వాటి మీద పెలికాన్లు కిక్కిరిసి ఉంటాయి. పిల్ల పెలికాన్ తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేసి మేత తీసుకోవడం అక్కడ దగ్గర్నుంచి చూడొచ్చు. దయచేసి డ్రోన్ ఎగరేయకండి. ఒక్కసారి బెదిరి లేచాయంటే గూళ్లలో గుడ్లూ పిల్లలూ కాకుల పాలవుతాయి. 2002 నుంచి కొల్లేరు రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో ఉంది. మనం చూసి వచ్చేది ఆ పక్షుల సంసారాన్ని, ఆ మర్యాద పాటించాలి.

ఓపిక ఉంటే కైకలూరు నుంచి లోపలికి కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి దాకా వెళ్లి రండి. ఫాల్గుణ మాసంలో జాతర జరిగే రోజుల్లో మాత్రం ఆ దారి సైకిలుకి పనికిరాదు, జనంతో నిండిపోతుంది. ఆ తర్వాత ఆకివీడు, ఉండి మీదుగా భీమవరం చేరి రైలెక్కండి. మళ్లీ ఏలూరు రావాలని పట్టుబడితే గణపవరం, నారాయణపురం మీదుగా 16వ నంబరు హైవే ఎక్కాలి. దూరం నూరు దాటడం మాట అలా ఉంచి, అలసిపోయిన కాళ్లతో సాయంత్రం పూట లారీల పక్కన తొక్కడం నాకు ఇష్టం లేదు. రైల్లో సైకిళ్లకు పార్సిల్ బుకింగ్ సంగతి ఒకరోజు ముందే కనుక్కోండి.

టైర్ల విషయం. ఫ్రేములో పడితే 32 మిల్లీమీటర్ల వెడల్పువి, లేదా కనీసం 28వి వేయించండి. నల్లరేగడి మీద వేసిన తారు రోడ్డు కుంగి అలలు అలలుగా అయిపోతుంది. గట్టిగా గాలి కొట్టిన సన్న టైరు మీద ఆ కుదుపంతా నడుముకి తగులుతుంది. 32 అయితే గాలి 60–65 పీఎస్ఐ దగ్గర ఆపండి. రోడ్డు పక్క తుమ్మ ముళ్లు ఉంటాయి కాబట్టి తలా రెండు ట్యూబులు పెట్టుకోండి. తాగునీళ్లు కైకలూరులోనే నింపుకోండి. లంక గ్రామాల్లో వాళ్లే మంచినీళ్లు కొనుక్కుని తాగుతున్నారు, అక్కడ అడిగి ఇబ్బంది పెట్టొద్దు.

ప్రశ్న: నేను టీచర్ని. ఉదయం బడి టైముకి ముందు భీమవరం నుంచి ఆకివీడు దాకా ఒక్కదాన్నే వెళ్లి రావాలని ఉంది. ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. కుక్కలంటే నాకూ భయమే.
– ఓ పాఠకురాలు, భీమవరం

జవాబు: వెళ్లిరండమ్మా, రానూపోనూ 40 కిలోమీటర్ల లెక్క. అది 165వ నంబరు జాతీయ రహదారి, తెల్లారుతూనే చేపల బండ్లు తిరుగుతుంటాయి కాబట్టి ఖాళీగా ఉంటుందని అనుకోవద్దు. మా కోడలు ఈ దారిలోనే తొక్కుతుంది. నేను తనకి చెప్పిందే మీకూ చెబుతున్నా: చీకట్లో బయల్దేరొద్దు, ఫోన్‌లో లొకేషన్ ఇంట్లోవాళ్లకి ఆన్ చేసి పెట్టండి, వెనక ఎర్రలైటు పగలు కూడా వెలుగుతూనే ఉండాలి. జనవరిలో పొగమంచు కమ్ముకున్న రోజున ఇంట్లోనే ఉండిపోండి, ఆ రోజు ఏ లైటూ పనిచేయదు.

కుక్కలు ఎక్కువగా చేపల ప్యాకింగ్ షెడ్ల దగ్గర ఉంటాయి. వెంటపడితే స్పీడు పెంచొద్దు. దిగి, సైకిల్‌ని మీకూ కుక్కకీ మధ్య ఉంచి నాలుగడుగులు నడవండి, చాలావరకు అక్కడితో ఆగిపోతాయి.

టైముంటే ఆకివీడు దాటి ఉప్పుటేరు వంతెన దాకా వెళ్లండి. కొల్లేటి నీళ్లన్నీ సముద్రానికి పోయే దారి అదే. ఎండాకాలంలో సరస్సులో నీళ్లు తగ్గితే సముద్రపు పోటు వెనక్కి ఎక్కి వస్తుంది. అప్పుడు గుర్రపుడెక్క గుబుర్లు కిందికి కాకుండా కొల్లేటి వైపే కదులుతాయి. ఆ ఉప్పునీరు లోపలికి పోవడం చేపలకీ, చుట్టుపక్కల పొలాలకీ మంచిది కాదు. సరస్సు గురించి మీ పిల్లలకి పాఠం చెప్పాల్సి వస్తే ఆ వంతెన మీద నిలబెట్టి చెప్పండి.

ప్రశ్న: అంకుల్, నేను ఇంటర్ ఫస్టియర్. నాది గేర్లు లేని మామూలు సైకిల్. దాని మీద ఆటపాక వెళ్లొచ్చా?
– ఓ విద్యార్థి, ముదినేపల్లి

జవాబు: నిక్షేపంగా వెళ్లొచ్చు నాన్నా. ఈ నేల మీద గేర్లతో పెద్ద పనిలేదు, నేను ఉద్యోగమంతా గేర్లు లేని సైకిల్ మీదే చేశాను. చైనుకి నూనె వేయించు, రెండు బ్రేకులూ పట్టేలా చూసుకో, సీటు నీ తుంటి ఎత్తుకి పెంచుకో. మీ ఊరి నుంచి మండవల్లి మీదుగా ఒకటే రోడ్డు. వచ్చేటప్పుడు ఎదురుగాలి ఉంటే ఇద్దరు స్నేహితులు కలిసి ఒకరి వెనక ఒకరు, వంతులవారీగా ముందుండి తొక్కండి. ఇంట్లో చెప్పి వెళ్లు.