జీతానికి పన్ను లేదు, అద్దెకు ఉంది

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఐక్యరాజ్యసమితి సంస్థ ఒకదానిలో రెండేళ్లు కన్సల్టెంట్‌గా చేసి, నిరుడు అక్కడే స్టాఫ్‌లోకి వచ్చింది. యూఎన్ వాళ్లకు ఏ పన్నూ ఉండదని తోటివాళ్లు చెబితే నమ్మి ఇంతవరకు రిటర్న్ వేయలేదు. కొండాపూర్ ఫ్లాట్ అద్దె కూడా తన ఖాతాలోకే వస్తుంది. మొన్న ఆదివారం తన కారు తగిలి ఒకాయనకు కాలు విరిగింది. కేసు కూడా ఉండదంటున్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, తార్నాక

జవాబు: సగం నిజం. చిక్కంతా ఆ సగంతోనే వచ్చింది.

ఐక్యరాజ్యసమితి సిబ్బందికి ఇచ్చే హక్కులు 1946 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్నాయి. మన పార్లమెంటు 1947లో చట్టం చేసి దాన్ని ఇక్కడ అమల్లోకి తెచ్చింది. ఆ ఒప్పందం 18వ సెక్షన్ ప్రకారం సమితి తన అధికారులకిచ్చే జీతభత్యాల మీద పన్ను లేదు. మీ అమ్మాయి భారతీయురాలైనా ఇది వర్తిస్తుంది. అంటే స్టాఫ్ అయిన రోజు నుంచి వచ్చిన జీతం గురించి నిశ్చింతగా ఉండండి.

కన్సల్టెంట్‌గా ఉన్న రెండేళ్ల సంగతి వేరు. పని మీద నియమించుకున్న నిపుణుల హక్కులు 22వ సెక్షన్‌లో ఉన్నాయి. అందులో పన్ను మినహాయింపు మాటే లేదు. కాబట్టి ఆ ఫీజుకు పన్ను కట్టాల్సిందే. సంస్థ టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోయలేదు కదా అనకండి, కోయకపోతే పన్ను లేనట్టు కాదు. అద్దె, ఎఫ్‌డీ వడ్డీ సమితి ఇచ్చే డబ్బు కాదు, వాటికి మామూలు లెక్కే. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసే స్నేహితులను అడిగి నిర్ణయాలు తీసుకోకండి. ఆ సంస్థ హక్కులు కేంద్రం విడిగా ఇచ్చిన నోటిఫికేషన్ మీద నడుస్తాయి.

ఇప్పుడు చేయాల్సింది: డిపార్ట్‌మెంటు నోటీసు రాకముందే పాత ఏళ్లకు అప్‌డేటెడ్ రిటర్న్ (మామూలు గడువు దాటాక వేసేది) వేయించండి. అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం తర్వాతి ఏడాది) ముగిశాక నాలుగేళ్ల వరకు గడువుంది. కాకపోతే పన్ను, వడ్డీ కలిపిన మొత్తం మీద మొదటి ఏడాదైతే 25 శాతం, రెండో ఏడాదైతే 50 శాతం అదనం. ఆ తర్వాత 60, 70. ఆలస్యం చేసినకొద్దీ జేబుకే చిల్లు. స్టాఫ్ జీతాన్ని మినహాయింపు ఆదాయం కింద చూపిస్తే సరిపోతుంది.

ఇక ప్రమాదం. అధికారులకు రక్షణ ఉద్యోగ విధుల్లో భాగంగా అన్న మాటలకు, చేసిన పనులకు మాత్రమే. ఆదివారం సొంత పని మీద కారు నడపడం అందులోకి రాదు. విధుల్లో జరిగినా, న్యాయానికి అడ్డం వస్తే ఆ రక్షణను తొలగించే అధికారం సెక్రటరీ జనరల్‌కు ఉంది, అది ఆయన బాధ్యత కూడా. అందుకని పోలీసుల ముందు ఆ రక్షణ మాట ఎత్తకండి. బీమా కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా చెప్పండి. కాలు విరిగినాయన పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళితే ఆ క్లెయిమ్ చూసుకోవాల్సింది వాళ్లే. వీలైతే ఒకసారి ఆసుపత్రికి వెళ్లి ఆయన్ని పలకరించి రండి, చట్టం అడగదు గానీ.

కన్సల్టెంట్ కాంట్రాక్టు, స్టాఫ్ నియామక పత్రం, రెండూ విడివిడిగా మీ సీఏ చేతిలో పెట్టండి. ఏ తేదీ దాకా పన్ను, ఏ తేదీ నుంచి లేదు అన్నది ఆ రెండు కాగితాలే చెబుతాయి.